బాంబే కొండ ఎక్కలేని టర్బో

జపాన్ నుంచి దిగిన పాత సుబారు టర్బోలంటే ఇక్కడ మన కుర్రాళ్లకు మహా మోజు. కొన్న వారానికే బూస్ట్ పెంచేస్తారు, దానికి తగ్గ పెట్రోలు అందుతోందా అని చూడరు. ఆక్లాండ్ వీధుల్లో బాగానే తిరిగిన బండి బాంబే కొండ ఎక్కేటప్పుడు (పేరు మాత్రం మన బొంబాయిదే!) కుదుపులిస్తే వెంటనే యాక్సిలరేటర్ వదలండి. పెట్రోలు చాలక వేడెక్కితే పిస్టన్లు పగులుతాయి. ఓవర్‌టైం డబ్బంతా ఇంజనుకే పోతుంది.

మెకానిక్ చేత పెట్రోలు లైనుకు ప్రెషర్ గేజ్ పెట్టించండి. రెగ్యులేటర్ గొట్టం తీసినప్పుడు 3 బార్ ఉన్న ఒత్తిడి, గొట్టం పెట్టాక 1 బార్ బూస్ట్ దగ్గర 4కు చేరాలి. చేరకపోతే ముందు ఫిల్టరు మార్చి, బండి లోడ్ మీద ఉండగా పంపుకు వోల్టేజీ పూర్తిగా అందుతోందో లేదో కొలిపించండి. కొత్త పంపు మాట ఆ తర్వాతే.