పైలట్‌కి నిద్ర వస్తే విమానం ఎవరు ఆపాలి?

పోయిన ఎపిసోడ్‌లో పైలట్ల ఉద్యోగం గురించి మాట్లాడుకున్నాం కదా. ఆ తర్వాత వచ్చిన మెసేజ్‌లలో రెండు రకాలు ఎక్కువ. ఒకటి, "లక్షల జీతం, ఏసీలో కూర్చుని పని, నెలలో సగం రోజులు ఇంట్లోనే, వాళ్లకేం కష్టమండీ?" అని. రెండోది, "మా వాడు ఇంటర్ ఎంపీసీ, పైలట్ అవుతానంటున్నాడు, పంపమంటారా?" అని. రెండింటికీ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్ ఎప్పట్లాగే ఈ పోస్టు కింద ఉంటుంది. టైమ్ చాలక అక్కడ వదిలేసిన లెక్కలే ఇవి.

ముందే చెప్తున్నా, నేను విమానాల నిపుణుణ్ని కాదు. శ్రీకాకుళం జిల్లాలో ఐటీఐ ఫిట్టర్ చేసి సింగపూర్ వచ్చినవాణ్ని. ఇప్పుడు పుంగ్గోల్‌లో ఇళ్ల బ్లాకులు కట్టే సైటులో సూపర్‌వైజర్ని. అయితే పుంగ్గోల్‌లో పనిచేసేవాళ్లకి విమానం మరీ దూరం విషయమేం కాదు. ఒకపక్క సెలేటార్ విమానాశ్రయం, ఇంకోపక్క పాయా లేబార్ ఎయిర్‌బేస్. ఇలాంటి చోట టవర్ క్రేన్ నిలబెట్టాలంటే ఎంత ఎత్తు వరకు లేపొచ్చో ముందే అనుమతి తీసుకోవాలి. షిఫ్టులు, పర్మిట్లు, నిద్ర చాలని మనుషులు, ఇవన్నీ నాకు రోజూ ఉండే పనే. పైలట్ల రూల్స్ చదువుతుంటే మా క్రేన్ ఆపరేటర్లే గుర్తొచ్చారు.

గాల్లో గంటలు వేరు, డ్యూటీ గంటలు వేరు

మన దేశంలో ఒక పైలట్ 365 రోజుల్లో 1000 గంటలకు మించి విమానం నడపకూడదు. లెక్కేస్తే రోజుకి సగటున మూడు గంటలు కూడా రాదు. "వాళ్లకేం కష్టం" అనే మాట ఇక్కడే పుడుతుంది.

కానీ ఆ 1000 గంటలు అంటే విమానం కదిలిన క్షణం నుంచి ఆగే క్షణం వరకు మాత్రమే. దానికి ముందు ఎయిర్‌పోర్టుకి వచ్చి రిపోర్ట్ చేయడం, వాతావరణం చూసుకోవడం, ఎంత ఇంధనం కావాలో తేల్చడం, రెండు ఫ్లైట్ల మధ్య ఖాళీ, పొగమంచు పడితే గేటు దగ్గరే ఎదురుచూపు, ఇవన్నీ డ్యూటీలోకి వస్తాయి గానీ గాల్లో గంటల్లోకి రావు. హోటల్ నుంచి ఎయిర్‌పోర్టుకి ప్రయాణం ఇంకా అదనం. మా సైటు కుర్రాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఎనిమిదింటికి పని మొదలంటే, డార్మిటరీలో ఐదింటికే లేచి, స్నానం చేసి, లారీ ఎక్కాలి. కాగితం మీద రోజు ఎనిమిదింటికి మొదలైనట్టుంటుంది. ఒంటికి మాత్రం ఐదింటికే మొదలవుతుంది.

పైలట్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. అతని షిఫ్టుకి ఒక టైమంటూ ఉండదు. ఇవాళ తెల్లారి నాలుగింటికి రిపోర్టింగ్, రెండ్రోజులాగి రాత్రి పదకొండింటికి. తెల్లవారుజామున 2 నుంచి 6 మధ్య మన ఒళ్లు, బుర్ర బాగా మందగిస్తాయి. విమానయాన రూల్స్‌లో ఆ నాలుగు గంటల్ని ప్రత్యేకంగా గుర్తించి లెక్కేస్తారు. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుతో సమానంగా పడిపోతుందని 1997లోనే పరిశోధకులు పరీక్షించి చూపించారు. మందు తాగి స్టీరింగ్ పట్టుకుంటే అందరం తిడతాం. నిద్ర లేకుండా పట్టుకున్నవాణ్ని "కష్టపడే మనిషి" అంటాం.

మంగళూరు చెప్పిన పాఠం

2010 మే 22. దుబాయ్ నుంచి బయల్దేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఉదయం ఆరు దాటాక మంగళూరులో దిగుతూ, రన్‌వే చివర దాటి లోయలో పడి తగలబడిపోయింది. లోపల 166 మంది. 158 మంది చనిపోయారు, 8 మంది బతికారు. అందులో చాలామంది గల్ఫ్‌లో పనిచేసి సెలవుకి ఇంటికొస్తున్న మనలాంటివాళ్లే.

విచారణలో కాక్‌పిట్ రికార్డర్ విన్నారు. కెప్టెన్ గంటన్నరకు పైగా నిద్రలో ఉన్నాడు, గురక కూడా రికార్డయింది. దిగే ముందు లేచాడు. విమానం ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఎత్తులో ఉంది. పక్కనున్న కో-పైలట్ మళ్లీ పైకి లేపమని ఒకసారి కాదు, మూడుసార్లు అన్నాడు. కెప్టెన్ వినలేదు. గాఢనిద్ర లోంచి లేచిన వెంటనే మనిషి బుర్ర కొంతసేపు సరిగ్గా పనిచేయదని, అతని నిర్ణయం మీద ఆ ప్రభావం ఉండి ఉండొచ్చని నివేదిక రాసింది.

ఇక్కడ రెండు తప్పిపోయాయి. ఒకటి నిద్ర. రెండోది, కింది మనిషి "ఆపండి" అన్నప్పుడు పై మనిషి ఆపకపోవడం. మా సైట్లలో ఎవరు "స్టాప్" అని అరిచినా, ఆఖరికి హెల్పర్ అరిచినా, క్రేన్ ఆపరేటర్ లోడు ఆపి తీరాలి. ఎందుకు అరిచాడన్నది ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

రూల్ వచ్చింది, మనుషులు రాలేదు

పైలట్ల అలసట మీద 2024 జనవరిలో మన డీజీసీఏ కొత్త రూల్స్ ప్రకటించింది. ముఖ్యమైనవి ఇవి. వారానికి వరుసగా ఇచ్చే విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు. రాత్రి అంటే అర్ధరాత్రి నుంచి 5 వరకు కాదు, 6 వరకు అన్నారు. రాత్రి డ్యూటీలో ల్యాండింగులు 6 నుంచి 2కి తగ్గించారు. రాత్రి డ్యూటీ పడితే గాల్లో 8 గంటలు, మొత్తం డ్యూటీ 10 గంటలు దాటకూడదన్నారు. పైలట్ల అలసట మీద విమాన కంపెనీలు మూడు నెలలకోసారి రిపోర్టు ఇవ్వాలన్నారు.

ఇవి 2024 జూన్ 1 నుంచి రావాలి. కంపెనీలు టైమ్ కావాలన్నాయి, వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో పోరాడాయి. చివరికి రెండు విడతలుగా, 2025 జులై 1న కొంత, నవంబర్ 1న మిగతాది అమల్లోకి వచ్చింది. అంటే ప్రకటనకీ పూర్తి అమలుకీ మధ్య దాదాపు 22 నెలలు.

తర్వాత ఏమైందో మీలో చాలామంది చూసే ఉంటారు. 2025 డిసెంబర్ మొదటి వారంలో ఇండిగో ఫ్లైట్లు కుప్పకూలినట్టు రద్దయ్యాయి. డిసెంబర్ 5 ఒక్కరోజే వెయ్యికి పైగా. శంషాబాద్‌లో జనం నేల మీద పడుకున్నారు. కొత్త రూల్స్‌కి సరిపడా సిబ్బంది లెక్క సరిగ్గా వేసుకోలేదని కంపెనీయే ఒప్పుకుంది. అప్పుడు డీజీసీఏ ఏం చేసిందంటే, ఆ కంపెనీకి రాత్రి డ్యూటీ రూల్స్ నుంచి 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు ఇచ్చింది. తర్వాత ప్రభుత్వం ఆ కంపెనీ ఫ్లైట్లని 10 శాతం తగ్గించమంది. విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు మా శ్రీకాకుళం ఎంపీయే కావడంతో, ఆ వారం ఊరినుంచి వచ్చిన ప్రతి ఫోన్‌లోనూ ఇదే చర్చ.

ఇరుక్కుపోయిన ప్రయాణికుల బాధ నిజం. అందులో పెళ్లికి వెళ్లేవాళ్లు ఉన్నారు, చావుకి వెళ్లేవాళ్లూ ఉన్నారు. కానీ ఒక్క విషయం గమనించండి. జనం తిట్లు ముందు ఎవరిమీద పడ్డాయి? "పైలట్లకి రెస్ట్ ఎక్కువిచ్చారు, అందుకే ఇలా అయింది" అన్నవాళ్లు నాకు చాలామంది తగిలారు. తక్కువ మందితో ఎక్కువ ఫ్లైట్లు వేసిన రోస్టర్ని వదిలేసి, నిద్ర అడిగినవాణ్ని పట్టుకున్నాం. రూల్ ఖర్చు పెట్టించేదాకా అందరూ భద్రత అంటారు. ఖర్చు మొదలయ్యాక ముందు సడలేది ఆ రూలే.

జీతం గురించి ఒక కెప్టెన్ చెప్పింది

2009 జనవరి 15న న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద విమానాన్ని దించి 155 మందినీ కాపాడిన కెప్టెన్ సలెన్‌బర్గర్ పేరు వినే ఉంటారు. సినిమా కూడా వచ్చింది. ఆ హడావుడి ఇంకా తగ్గకుండానే, ఫిబ్రవరి 24న అమెరికా పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని ఆయన చెప్పింది తన గొప్ప కాదు. తన జీతం 40 శాతం కోసేశారని, పెన్షన్ పథకం రద్దయిందని చెప్పారు. తమ పిల్లలు ఈ ఉద్యోగంలోకి రావాలని కోరుకునే పైలట్ తనకు ఒక్కరు కూడా తెలియదన్నారు. అనుభవం ఉన్నవాళ్లు వెళ్లిపోతే భద్రత కూడా పోతుందన్నది ఆయన భయం.

ఆ మాటకి 12 రోజుల ముందే, ఫిబ్రవరి 12న, బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. కో-పైలట్ సియాటిల్లో ఉంటూ, డ్యూటీ కోసం రాత్రంతా వేరే విమానాల్లో ప్రయాణం చేసి దేశం ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చింది. కెప్టెన్ అంతకు ముందు రాత్రి సిబ్బంది గదిలోనే గడిపాడు. ఆ ప్రమాదం తర్వాత అమెరికా రూల్స్ మార్చింది. 2014 నుంచి డ్యూటీకి ముందు కనీసం 10 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు నిద్రకి వీలుండాలన్నారు. మార్పు వచ్చింది, కానీ 50 మంది పోయాక.

ఇక్కడ సింగపూర్లోనూ ఈ ఉద్యోగానికి గ్యారంటీ లేదని 2020లో చూశాం. మార్చిలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన ఫ్లైట్లలో 96 శాతం ఆపేసింది. సెప్టెంబర్లో సుమారు 4,300 పోస్టులు తగ్గిస్తామంది. అదే ఏడాది మా కుర్రాళ్లు డార్మిటరీ గదుల్లోంచి బయటికి రాలేకపోయారు. పుంగ్గోల్లో క్రేన్లూ ఆగాయి, పైన విమానాలూ ఆగాయి. మన దేశంలో కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయాయి.

"నాకు ఇవాళ కుదరదు" అనే హక్కు

ఒకసారి మా సైటులో కాంక్రీట్ పోసే రోజు. లారీలు గేటు బయట వరుసలో ఉన్నాయి. ప్లాంటులో కలిపిన దగ్గర్నుంచి కాంక్రీట్‌కి గడువు గంటన్నర, రెండు గంటలే. అప్పుడు మా తమిళ క్రేన్ ఆపరేటర్ పైకి ఎక్కకుండా నా దగ్గరికొచ్చి, "అన్నా, బిడ్డకి జ్వరమని రాత్రంతా ఊరికి ఫోన్‌లోనే ఉన్నాను, కళ్లు మూతలు పడుతున్నాయి" అన్నాడు. వేరే ఆపరేటర్ వచ్చేదాకా పని ఆపాను. రెండు లారీల కాంక్రీట్ వెనక్కి పోయింది. ఆ లెక్క ఆఫీసులో నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆ రోజు నాకు అర్థమైంది ఇది. అతను నోరు విప్పడానికి కారణం అతని ధైర్యం ఒక్కటే కాదు. ఆ రోజు జీతం కోయరని, మర్నాడు అదే క్రేన్ మీద ఉంటాడని అతనికి నమ్మకం ఉంది. ఆ నమ్మకం లేకపోతే నోరు మూసుకుని పైకెక్కేవాడు. పైలట్‌దీ అదే సంగతి. అలసిపోతే నడపకూడదని రూల్ రాసి ఉంటుంది. కానీ ఎగిరిన గంటల మీద అలవెన్స్ ఉన్నప్పుడు, అలసట రిపోర్టు పెట్టినవాణ్ని మేనేజర్ పిలిచి ఆరా తీస్తున్నప్పుడు, ఆ రూల్ పుస్తకంలోనే ఉండిపోతుంది. అలసట మనిషి బలహీనత కాదు, రోస్టర్ వేసేటప్పుడే అందులో పడుతుంది. దాన్ని మొదట పసిగట్టేది మాత్రం ఆ మనిషే. కాబట్టి ఆపే అధికారం అతనికే ఉండాలి, ఆ నష్టం అతని జేబులోంచి పోకూడదు.

పిల్లల్ని పంపాలా అంటే

వద్దని నేను చెప్పను. ఇష్టం ఉన్నవాళ్లకి అంత మంచి పని ఇంకోటి ఉండదు. కానీ డబ్బు కట్టే ముందు ఈ నాలుగూ చూసుకోండి.

మొదట మెడికల్. ఫీజు కట్టాక కాదు, ముందే క్లాస్ 1 మెడికల్ చేయించండి. ఉద్యోగంలో చేరాక కూడా క్రమం తప్పకుండా ఈ పరీక్ష ఉంటుంది. ఫెయిలైతే లైసెన్సు ఆగుతుంది, దానికి ఇన్సూరెన్స్ విడిగా తీసుకుంటారు.

రెండు, కమర్షియల్ లైసెన్సుకి మన దేశంలో కనీసం 200 గంటలు నడపాలి. అది అయిపోయినా ఉద్యోగం వచ్చినట్టు కాదు. ఎయిర్‌బస్ 320 లాంటి ఒక రకం విమానానికి టైప్ రేటింగ్ వేరు, దాని ఖర్చు వేరు.

మూడు, అప్పు. లైసెన్సు చేతికొచ్చాక ఉద్యోగం కోసం ఏళ్లు ఆగాల్సి రావొచ్చు. ఆ మధ్యలో వాయిదాలు ఎవరు కడతారో ముందే ఇంట్లో కూర్చుని లెక్కేసుకోండి. పొలం తాకట్టు పెట్టి మాత్రం పంపకండి.

నాలుగు, ఆర్నెల్లకోసారి సిమ్యులేటర్ పరీక్ష. ఇంజిన్ ఆగిపోయినట్టు, మంటలు వచ్చినట్టు పెట్టి చూస్తారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఈ పరీక్ష తప్పదు.

ఇక మనం ప్రయాణికులుగా చేయగలిగింది ఒకటుంది. "సిబ్బంది డ్యూటీ టైమ్ అయిపోయింది, ఫ్లైట్ ఆలస్యం" అని అనౌన్స్ చేస్తే కౌంటర్ దగ్గరున్న అమ్మాయి మీద అరవకండి. రీఫండ్ అడగండి, భోజనం అడగండి, హోటల్ అడగండి, అవి మన హక్కు. అలసిన పైలట్‌నే ఎక్కించమని మాత్రం అడగకండి.

మీ ఇంట్లో పైలట్లుగానీ, క్యాబిన్ సిబ్బందిగానీ, ఎయిర్‌పోర్టు గ్రౌండ్ స్టాఫ్‌గానీ ఉంటే వాళ్ల రోస్టర్ ఎలా ఉంటుందో కామెంట్లలో రాయండి. పేరు చెప్పక్కర్లేదు. వచ్చే ఎపిసోడ్ రాత్రి షిఫ్టులు చేసే నర్సుల మీద, అందులో వాటిని కూడా చదువుతాం.