డిప్రెషన్ వంశం వల్ల వచ్చిందా, పెంపకం వల్ల వచ్చిందా?

“మా వంశంలో ఎవరికీ ఈ జబ్బు లేదండీ, మా వాడికెందుకొచ్చింది?” రోగి వెంట వచ్చినవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఆ వెంటనే తండ్రి తరఫువారు తల్లి తరఫువారి వైపు చూస్తారు, వాళ్లు వీళ్ల వైపు చూస్తారు.

కవలలపై జరిగిన పరిశోధనల ప్రకారం డిప్రెషన్‌లో వంశపారంపర్యం పాత్ర సుమారు 37 శాతం. అచ్చంగా ఒకే జన్యువులున్న కవలల్లో కూడా ఒకరికి వచ్చి రెండోవారికి రాకపోవచ్చు. మిగిలిన పాత్ర జీవితంలో ఎదురయ్యే పరిస్థితులది. మరి బయట పడిన కష్టం మెదడు లోపలికి ఎలా చేరుతుంది? దీనికి కొంత జవాబు ఎపిజెనెటిక్స్ అనే శాస్త్రంలో దొరుకుతోంది.

ఇంట్లో ఫ్యాను తిరగాలంటే వైరింగు ఉండాలి. కానీ అది ఎంత వేగంగా తిరగాలో రెగ్యులేటరు నిర్ణయిస్తుంది. జన్యువులు వైరింగు లాంటివి. వాటి మీద మిథైల్ అనే చిన్న రసాయనపు గుర్తులు అతుక్కుంటాయి. అవి ఎక్కువైతే సాధారణంగా ఆ జన్యువు పని మందగిస్తుంది. జన్యువు మారదు, దాని జోరు మారుతుంది.

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మైకేల్ మీనీ, మోషే షిఫ్‌ల బృందం 2004లో ఎలుకలపై చేసిన పరిశోధనను ప్రచురించింది. కొన్ని తల్లి ఎలుకలు పిల్లలను బాగా నాకుతూ సాకుతాయి, కొన్ని అంతగా పట్టించుకోవు. ఆలన కరువైన పిల్లల మెదడులో, ఒత్తిడి హార్మోనును అదుపు చేసే జన్యువు మీద మిథైల్ గుర్తులు ఎక్కువగా కనిపించాయి. అవి పెద్దయ్యాక చిన్న అలజడికే బెదిరిపోయి, తొందరగా తేరుకోలేకపోయాయి. ఆ పిల్లలనే పుట్టగానే బాగా సాకే తల్లి దగ్గర పెడితే గుర్తులు తగ్గాయి. పెద్ద ఎలుకల్లో సైతం మందుతో వాటిని మార్చగలిగారు.

మనుషుల విషయంలో ఇంత స్పష్టత లేదు. బాల్యంలో హింసకు గురై, తర్వాత ఆత్మహత్య చేసుకున్నవారి మెదడులో అదే జన్యువు మీద ఇలాంటి గుర్తులు ఉన్నట్లు 2009లో అదే విశ్వవిద్యాలయంవారు తెలిపారు. అంతమాత్రాన “తల్లి పెంపకం సరిగా లేక వచ్చింది” అనడం తప్పు. మంచి ఇంట్లో పెరిగినవారికీ డిప్రెషన్ వస్తుంది, ఎన్నో కష్టాలు పడినవారికి రాకపోనూవచ్చు. ఈ గుర్తులను చూసి డిప్రెషన్‌ను నిర్ధారించే రక్తపరీక్ష ఏదీ ఇప్పటికి వాడుకలో లేదు. ఉందని ఎవరైనా చెబితే డబ్బు పోగొట్టుకోకండి.

అందుకే డాక్టరు రోగి చిన్ననాటి సంగతులు, ఇంటి పరిస్థితులు అడుగుతారు. తప్పెవరిదో తేల్చడానికి కాదు. అందరి ముందూ చెప్పలేని విషయాలుంటాయి కాబట్టి రోగిని కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వండి. మందుల గుణం కనిపించడానికి సాధారణంగా రెండు నుండి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా “లేచి పని చేసుకుంటే అదే పోతుంది” అని దెప్పకండి, కాస్త తేరుకోగానే మీ అంతట మీరు మందులు ఆపకండి. చనిపోవాలనుందని రోగి అంటే బెదిరింపుగా తీసుకోకుండా, ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. దారి తోచకపోతే ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరులో రాత్రీ పగలూ ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.