గేరు పంటి అరుగుదల: మందం కొలిస్తే చాలునా?

ట్రాక్టరు, పవర్ టిల్లర్ల గేర్‌బాక్సు మరమ్మతులో పాత గేరును తిరిగి బిగించవచ్చునా అన్న నిర్ణయం సాధారణంగా పంటి మందంపై ఆధారపడుతుంది. గేర్ టూత్ వెర్నియర్‌తో పిచ్ వృత్తం వద్ద మందం కొలిచి, పరిమితిలో ఉంటే గేరు బాగున్నదని భావిస్తారు. ఇందులో ఒక మౌలిక లోపం ఉన్నది. జత గేర్ల పళ్ళు పిచ్ బిందువు వద్ద దొర్లుతాయే గాని జారవు. అక్కడి నుండి కొన వైపుకు గాని, మొదలు వైపుకు గాని పోయినకొద్దీ జారుడు వేగం పెరుగుతుంది. నూనెలో చేరిన మట్టిరేణువులు ఆ భాగాలనే ఎక్కువగా అరగదీస్తాయి. అంటే తక్కువగా అరిగే చోటనే మనం కొలుస్తున్నామన్నమాట. ఆకృతి చెడిన గేరుకు కొత్తదానిని జత చేస్తే కొత్తదాని పళ్ళు కూడ త్వరగా పాడవుతాయి; దమ్ము రోజులలో రైతు అదే గేర్‌బాక్సును మరల విప్పించవలసి వస్తుంది.

పంటి పార్శ్వం ఇన్వల్యూట్ వక్రం. బేస్ వృత్తంపై చుట్టిన దారాన్ని బిగువుగా విప్పుతున్నప్పుడు దాని కొస గీసే వక్రమిది. ప్రయోగశాలలోని ఇన్వల్యూట్ పరీక్షా యంత్రంలో బేస్ వృత్తమంత డిస్కు సరళమైన పట్టీపై జారకుండా దొర్లుతుండగా, ఒక సూచి పంటి పార్శ్వాన్ని తాకుతూ సాగుతుంది. ఆకృతి నిర్దుష్టమైతే పటంపై సరళరేఖ వస్తుంది. తేడా మైక్రాన్లలో తెలుస్తుంది.

ఆ యంత్రం లేనిచోట డిస్కు మైక్రోమీటరు చాలవరకు ఉపకరిస్తుంది. దీనితో కొన్ని పళ్ళను కలిపి కొలుస్తారు గనుక, వెర్నియర్‌కు వలె బయటి వ్యాసంలోని దోషం దీనికి అంటదు. మాడ్యూల్ 4 మి.మీ., 20 పళ్ళు, పీడన కోణం 20 డిగ్రీలు గల స్పర్ గేరునే చూద్దాం. 2, 3, 4 పళ్ళను కలిపి కొలిస్తే సిద్ధాంతం ప్రకారం వరుసగా 18.83, 30.64, 42.45 మి.మీ. రావాలి. మైక్రోమీటరు ముఖాలు తాకేది సుమారు 38.8, 40.6, 43.2 మి.మీ. వ్యాసార్ధాల వద్ద. పిచ్ వ్యాసార్ధం 40 మి.మీ. కనుక మొదటి కొలత పంటి మొదలు భాగాన్ని, మూడవది కొనను పరీక్షిస్తాయి. వరుస కొలతల భేదం బేస్ పిచ్‌కు, అనగా 11.81 మి.మీ.కు సమానం కావాలి. బ్యాక్‌లాష్ కోసం పంటిని పలుచన చేసినా మూడు కొలతలూ సమానంగానే తగ్గుతాయి, భేదం మారదు. మారినదంటే ఆకృతిని అనుమానించవలసినదే.

అయితే తయారీలోనే కొనను కొద్దిగా చెక్కిన గేర్లలో 4 పళ్ళ కొలత కొత్తగా ఉన్నప్పుడే తగ్గి ఉంటుంది. కనుక అదే రకపు కొత్త గేరు కొలతలను ముందుగా నమోదు చేసుకోవాలి. పళ్ళ ఎడంలోని దోషం కూడ భేదంలో కలుస్తుంది గనుక గేరు చుట్టూ కనీసం నాలుగు చోట్ల కొలిచి చూడాలి. హెలికల్ గేర్లకు పై లెక్క నేరుగా వర్తించదు.