గాయానికి మాట దొరికే దారి
బాల్యంలో లైంగిక వేధింపు – కోలుకునే క్రమం



సూరత్ నగరానికి దక్షిణాన ఉధ్నా అనే పారిశ్రామిక ప్రాంతం ఉంది. ముంబయి నుంచి సూరత్ వెళ్లే రైలు మార్గంలో జల్‌గావ్ వైపు దారి చీలేది ఇక్కడే. తెలంగాణ పల్లెల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉధ్నా, లింబాయత్ ప్రాంతాల్లో మరమగ్గాల మీద ఆధారపడి బతుకుతున్నాయి. అక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కార్యాలయాల్లో గుజరాతీ వింటూ పెరుగుతారు.

అలాంటి ఇంట్లో ఒక అమ్మాయిని ఊహించుకోండి. ఆమెకు పదేళ్లప్పుడు, ఇంటికి వచ్చిపోయే ఒక నమ్మకస్తుడు ఆమెను లైంగికంగా వేధించాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడామెకు పదిహేడేళ్లు. అతను ఊరు విడిచి వెళ్లిపోయాడు. అయినా మగ్గం నూనె వాసన తగిలితే చాలు, ఆమెకు గుండె దడ పుడుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. చదువు మీద మనసు నిలవదు. "ఎప్పుడో జరిగిపోయింది కదా, ఇంకా ఎందుకిలా?" అని తనను తానే తిట్టుకుంటుంది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ పాఠం ఉద్దేశం.

ఇది అరుదైన విషయమా?

కాదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ఒక అధ్యయనం వెలువరించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను ప్రశ్నించగా, 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నామని చెప్పారు. వారిలో సగానికి పైగా బాలురే. వేధింపు ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవారిలో చాలామంది పిల్లలకు తెలిసినవారే, పిల్లలు నమ్మినవారే. కనుక ఇది ఆడపిల్లల సమస్య మాత్రమేననీ, కొత్తవారి వల్ల మాత్రమే జరుగుతుందనీ అనుకోవడం పొరపాటు.

జ్ఞాపకం ఎందుకు పాతబడదు?

మామూలు అనుభవాలను మన మెదడు తేదీ వేసి దాచుకుంటుంది. ఎప్పుడు, ఎక్కడ, ఏమి జరిగిందో వరుసగా అమర్చే పనిలో హిప్పోక్యాంపస్ అనే భాగానిది ముఖ్యమైన పాత్ర. ప్రమాదాన్ని పసిగట్టే భాగం పేరు అమిగ్డలా. తీవ్రమైన భయం కలిగినప్పుడు అమిగ్డలా విజృంభిస్తుంది, వరుసగా అమర్చే పని దెబ్బతింటుంది. అప్పుడు ఆ అనుభవం కథగా కాక ముక్కలుగా మిగులుతుంది: ఒక వాసన, ఒక చప్పుడు, ఒక స్పర్శ. ఆ ముక్క ఎదురైనప్పుడల్లా శరీరం దాన్ని గతంగా కాక ఇప్పుడే జరుగుతున్న ప్రమాదంగా భావిస్తుంది. ఆ అమ్మాయి బలహీనురాలు కాదు. ఆమె శరీరం ఆమెను కాపాడడానికే ప్రయత్నిస్తోంది.

మరొక మాట. "అప్పుడు అరవలేదేం, పారిపోలేదేం?" అని చాలామంది అడుగుతారు. భయంలో పోరాడడం, పారిపోవడం లాగే కొయ్యబారిపోవడం కూడా సహజమైన స్పందనే. అది అంగీకారం కాదు. తప్పు చేసినవాడిదే, పిల్లది ఎన్నటికీ కాదు.

కోలుకోవడంలో మూడు దశలు

అమెరికన్ మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో ప్రచురించిన గ్రంథంలో ఈ క్రమాన్ని మూడు దశలుగా వివరించారు.

మొదటిది భద్రత. మగ్గం మీద పోగు తెగితే నేతగాడు ఏం చేస్తాడు? ముందు మగ్గం ఆపుతాడు. మగ్గం నడుస్తుండగా పోగు అతకడం కుదరదు. అలాగే వేధింపు కొనసాగుతున్నా, వేధించినవాడు ఇంటికి వస్తూనే ఉన్నా గాయం మానదు. ముందు అది ఆగాలి. ఆ తర్వాత నిద్ర, తిండి, నమ్మదగిన ఒక్క మనిషైనా ఉండాలి. దడ వచ్చినప్పుడు నెమ్మదిగా ఊపిరి వదలడం, చుట్టూ ఉన్న ఐదు వస్తువుల పేర్లు చెప్పుకోవడం వంటి పద్ధతులు "నేను ఇప్పుడు, ఇక్కడ ఉన్నాను" అని శరీరానికి గుర్తుచేస్తాయి.

రెండవది గుర్తు చేసుకోవడం, దుఃఖించడం. శిక్షణ పొందిన నిపుణుల సహాయంతో, కొద్దికొద్దిగా, ఆ ముక్కలను ఒక కథగా కూర్చుకోవాలి. "అది అప్పుడు జరిగింది, ఇప్పుడు లేదు" అని మెదడు తేదీ వేసుకునేది ఇక్కడే. గాయం మీద దృష్టి పెట్టే ప్రవర్తనా చికిత్సను, ఇ.ఎం.డి.ఆర్. అనే కంటి కదలికల చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. మొదటి చికిత్స తరచుగా 12 నుంచి 16 సార్లు కలుసుకోవడంతో పూర్తవుతుంది. పిల్లల విషయంలో వేధింపులో పాత్ర లేని తల్లి లేక తండ్రి కూడా ఇందులో పాల్గొంటారు. అయితే బలవంతంగా చెప్పించడం చికిత్స కాదు. ఎంత చెప్పాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేవారే నిర్ణయించుకోవాలి.

మూడవది మళ్లీ కలవడం. చదువు, స్నేహం, పని, నవ్వు తిరిగి రావడం. అతికిన చోట ముడి ఉంటుంది. కానీ బట్ట ముందుకు సాగుతుంది. ఈ దశలు మెట్ల వరుసలాంటివి కావు. పరీక్షల కాలంలోనో, ఒక పెళ్లిలో పాత మనిషి కనబడినప్పుడో వెనక్కి జారినట్లు అనిపించవచ్చు. అది ఓటమి కాదు.

మాతృభాష ఎందుకు ముఖ్యం?

ఆ అమ్మాయికి జరిగింది తెలుగు ఇంట్లో. దానికి మాట దొరకవలసింది కూడా ముందు తెలుగులోనే. కానీ మన ఇళ్లలో శరీర భాగాల పేర్లే బూతులుగా చెలామణి అవుతాయి. పేరు లేనిదాన్ని పసిపిల్ల ఎలా చెబుతుంది? దీనికి తోడు "పరువు పోతుంది" అనే భయం ఒకటి. ఊరు కాని ఊరిలో, మనవాళ్లు కొద్దిమందే ఉన్నచోట ఆ భయం మరింత పెద్దది.

ఈ ఇబ్బందిని చట్టం గుర్తించింది. లైంగిక నేరాల నుంచి పిల్లలను రక్షించే చట్టం (పోక్సో) 2012 నవంబరు 14న అమలులోకి వచ్చింది. పోలీసులు రాసుకునే భాష పిల్లలకు అర్థం కాకపోతే అనువాదకుణ్ణి ఏర్పాటు చేయాలి. వాంగ్మూలాన్ని పిల్లల ఇంట్లోగాని, వారు కోరిన చోటగాని, యూనిఫాం లేని పోలీసు అధికారి, వీలైనంతవరకు మహిళా అధికారి, తీసుకోవాలి. పిల్లలు నమ్మే మనిషి పక్కన ఉండవచ్చు. వారి పేరు, వివరాలు పత్రికల్లో రాకూడదు. చిన్ననాటి నేరంపై పెద్దయ్యాక కూడా ఫిర్యాదు చేయవచ్చని కేంద్ర న్యాయశాఖ 2018లో స్పష్టం చేసింది.

మీ స్నేహితులు మీతో చెబితే

ముందు నమ్మండి. "నీ తప్పేమీ లేదు" అనండి. వివరాలు తవ్వకండి. వారు అడగకుండా ముట్టుకోకండి. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. పద్దెనిమిదేళ్లలోపువారిపై జరిగిన నేరం తెలిస్తే అధికారులకు తెలియజేయాలని చట్టం చెబుతోంది. "నీతో పాటు నేనూ వస్తాను" అని చెప్పి, నమ్మదగిన పెద్దవారి దగ్గరకు తీసుకువెళ్లండి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. 2022లో మొదలైన టెలీ మానస్ 14416 ద్వారా తెలుగులోనూ మానసిక సలహా పొందవచ్చు.

ఇది మీకే జరిగి ఉంటే, ఈ పాఠం ఈరోజే పూర్తిగా చదవనవసరం లేదు. పక్కన పెట్టి, మీకు వీలైనప్పుడు తిరిగి తెరవండి. మొదటి మాట ఎవరితో చెప్పాలో ఎంచుకునే హక్కు మీదే.

ఆలోచించండి

1. "మరచిపో" అనే సలహా ఎందుకు పనిచేయదు?
2. చికిత్సలో భద్రత మొదట ఎందుకు రావాలి?
3. మీ ఇంట్లో చిన్నపిల్లలకు శరీర భాగాల పేర్లను ఏ మాటలతో నేర్పుతారు?