పెంచి, కోసి, మళ్లీ పెంచే వజ్రం

సూరత్ అంటే మన పద్మశాలీలకు మరమగ్గాలు, లోకానికి వజ్రాలు. ప్రపంచంలోని వజ్రాల్లో పదింటికి తొమ్మిది సానపట్టేది అక్కడేనంటారు. 2023 డిసెంబరులో ప్రారంభమైన సూరత్ డైమండ్ బోర్స్ విస్తీర్ణం 67 లక్షల చదరపు అడుగులు. కార్యాలయ భవనాల్లో అతిపెద్దదన్న పేరు అమెరికా పెంటగాన్ నుంచి దానికి దక్కింది. అయినా అసలు వింత ఆ భవనం కాదు, గోరంత రాయి.

ప్రయోగశాలలో ఆ రాయి ఎలా పుడుతుందో తెలియాలంటే ముందు లోహపు పని ఒకటి చూడాలి. లోహాన్ని కరిగించి పొర మీద పొర పేర్చడం, మధ్యమధ్యలో అదే యంత్రంలో చెక్కి సరిచేయడం: దీన్నే హైబ్రిడ్ 3డీ ప్రింటింగ్ అంటున్నారు. జపాన్‌లో మత్సూరా సంస్థ ఇలాంటి యంత్రాన్ని ఈ శతాబ్దం తొలి ఏళ్లలోనే అమ్మకానికి తెచ్చింది. ఐఐటీ బాంబేలో ఆచార్య కరుణాకరన్ బృందం కంప్యూటర్ నడిపే మామూలు సీఎన్‌సీ కోత యంత్రానికి వెల్డింగ్ టార్చి బిగించి, అదే పని చవగ్గా అవుతుందని చూపించింది.

సూరత్‌లో ఇలాంటి పద్ధతే వజ్రాన్ని పుట్టిస్తోంది. పలుచటి వజ్రపు పలకను విత్తుగా రియాక్టర్‌లో ఉంచి మీథేన్, హైడ్రోజన్ పంపుతారు. మైక్రోవేవ్‌ల తాకిడికి అవి ప్లాస్మాగా వెలుగుతాయి. మీథేన్‌లోని కార్బన్ పలక మీద పరమాణువు తర్వాత పరమాణువుగా పేరుకుంటుంది. హైడ్రోజన్ చేసే పని నాకు మరీ ముచ్చటేస్తుంది: వజ్రంగా కాక గ్రాఫైట్‌గా కుదురుకోబోయే కార్బన్‌ను అది ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. పెంచడం, తీసేయడం ఒకే క్షణంలో! అంతటితో అయిపోదు. అంచుల్లో నల్లటి పనికిరాని పొర కడుతుంది. అప్పుడు రియాక్టర్ ఆపి, రాయిని బయటికి తీసి, లేజర్‌తో ఆ అంచు కోసి మళ్లీ లోపల పెడతారు. పెద్ద రాయికి వారాలు పడతాయి.

2023 జూన్‌లో ప్రధాని మోదీ నాటి అమెరికా ప్రథమ మహిళ జిల్ బైడెన్‌కు ఇచ్చిన 7.5 క్యారెట్ల పచ్చవజ్రం ప్రయోగశాలలో పుట్టిందే. రంగు పచ్చన కాదు. సౌర, పవన విద్యుత్తు వాడారు గనక ఆ పేరు. దాన్ని తయారుచేసింది సూరత్‌లోని గ్రీన్‌ల్యాబ్. సైజుల పోటీలో ముంబై సంస్థ ఎథీరియల్ గ్రీన్ 2022లో 30.18 క్యారెట్ల రాయి చూపి, 2024లో 75.33కు చేరింది.

గనిలో దొరికినా, గదిలో పెరిగినా చివరికి ప్రతి రాయీ ఘంటీ అనే సానచక్రం ముందు కూర్చున్న రత్నకళాకారుడి చేతికే రావాలి. ఆ నేర్పు మనకుంది. విత్తు పలకలు, రియాక్టర్లు కూడా మన దేశంలోనే తయారవ్వాలని 2023లో కేంద్రం ఐఐటీ మద్రాసుకు ఐదేళ్లకుగాను సుమారు 243 కోట్ల రూపాయలు కేటాయించింది.