సేవ చేయడానికి వెళ్లినవారికి ఎదురొచ్చే దీవెన

వైద్య శిబిరాలనుండి తిరిగి వచ్చిన మన సంఘ యౌవనస్థులు ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పేటప్పుడు దాదాపు అందరి నోటా ఒక మాట వినబడుతుంది: "మేము ఇవ్వడానికి వెళ్లాం, కానీ మేమే ఎక్కువ పొంది వచ్చాం." మనస్ఫూర్తిగా చెప్పే మాటే అది. అయితే వాళ్లు పొందినదేమిటి? ఎవరి చేతినుండి పొందారు? ఇల్లు చేరాక ఆ దీవెనను ఏం చేసుకోవాలి? ఈ ప్రశ్నలు వేసుకోకపోతే ఆ సాక్ష్యం రెండు వారాల్లో మరుగున పడిపోతుంది. అందుకే వైద్య పరిచర్యలో అనుకోకుండా దొరికే దీవెనను గురించి ఈ వారం పాఠకులతో కలిసి ఆలోచించాలనుకుంటున్నాం.

మెలితే ద్వీపంలో

అపొస్తలుల కార్యములు చివరి అధ్యాయం తెరిచి చూడండి. ఓడ బద్దలై 276 మంది ప్రాణాలతో మెలితే ద్వీపానికి చేరారు. వాన కురుస్తోంది, చలిగా ఉంది. ముక్కూ మొహం తెలియని ద్వీపవాసులు నిప్పు రాజేసి అందరినీ చేర్చుకున్నారు. ఆ ద్వీపంలో ముఖ్యుడైన పొప్లి మూడు రోజులు ఆతిథ్యమిచ్చాడు. అతని తండ్రి జ్వరంతో, రక్తభేదితో పడి ఉంటే పౌలు ప్రార్థించి, చేతులుంచి స్వస్థపరిచాడు. ఆ తర్వాత ద్వీపంలోని రోగులందరూ వచ్చారు. మూడు నెలలకు ప్రయాణమైనప్పుడు ఆ జనమే దారికి కావలసినవన్నీ ఓడలో ఉంచి సాగనంపారు.

ఈ వరుసను గమనించండి. పౌలు బృందం మొదట పుచ్చుకుంది, తర్వాత ఇచ్చింది, మళ్లీ పుచ్చుకుంది. ఈ సంగతిని "మేము" అంటూ రాసిన లూకాను పౌలు కొలస్సయుల పత్రికలో వైద్యుడని పరిచయం చేస్తాడు. ఒక వైద్యుడు ఆ ద్వీపం గురించి రాస్తూ, తాము చేసిన మేలుతో పాటు తమకు జరిగిన మేలును కూడా మరచిపోకుండా లెక్కలో వేశాడు. స్వచ్ఛంద సేవకు వెళ్లే ప్రతి ఒక్కరూ నేర్చుకోవలసిన లెక్క ఇది.

మన నేలమీద

మన తెలుగు నేలమీద కూడా ఇలాగే జరిగింది. లూథరన్ మిషన్ తరఫున అమెరికానుండి డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. వైద్య పని ప్రారంభించడానికి మిషన్ ఇంకా సిద్ధంగా లేని రోజులవి. మొదట ఆమెకు అప్పగించింది బోధన పని. అయినా చదివిన వైద్యాన్ని ఆమె పక్కన పెట్టలేదు. ఇళ్లకు వెళ్లి స్త్రీలకు చికిత్స చేశారు. 1898లో ఆసుపత్రి తెరిచారు. అది నేటికీ ఆమె పేరు మీదే ఉంది. ఆమె వైద్యం వల్ల మేలు పొందిన ఏలూరు జమీందారు కుటుంబం, రోగుల బంధువులు ఉండడానికి ఆసుపత్రి ఎదుట సత్రం కట్టించింది. రోగి వెంట వచ్చినవాళ్లు ఎక్కడ పడుకోవాలి, ఎక్కడ వండుకోవాలి అన్నది ఆసుపత్రికి ఎప్పుడూ పెద్ద చిక్కే. ఆ చిక్కు తీరింది వైద్యం పొందినవాళ్ల చేతితోనే.

నిజామాబాద్ ప్రాంతంలో కుష్ఠు రోగుల మధ్య పనిచేసిన స్కాట్లాండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్ సంగతి కూడా ఇలాంటిదే. చోటు చాలని పరిస్థితిలో పెద్ద విరాళంతో ముందుకు వచ్చింది నర్సా గౌడ్ అనే హిందూ దాత. అలా డిచ్‌పల్లి ఆసుపత్రి పెరిగింది. సహాయం సంఘంనుండే రావాలని మనం ఎదురుచూస్తాం. దేవుడు మాత్రం పొప్లి వంటివారిని ప్రతి ఊరిలో ఉంచుతాడు.

రోగి నేర్పిన పాఠం

దీవెన ఎప్పుడూ డబ్బు రూపంలో, కట్టడాల రూపంలో రాదు. మిషనరీ దంపతుల కుమారుడైన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వేలూరు వచ్చారు. కొద్దికాలానికి చెంగల్పట్టులోని కుష్ఠు ఆసుపత్రిని చూడడానికి వెళ్లారు. అక్కడ వేళ్లు కొంకర్లు పోయిన ఒక రోగిని తన చెయ్యి పట్టుకొని నొక్కమన్నారు. పట్టు బలహీనంగా ఉంటుందనుకున్నారు. కానీ ఆ రోగి నొక్కిన నొక్కుకు ఆయనకే నొప్పి పుట్టింది. పనికిరాదని అందరూ వదిలేసిన ఆ చేతిలో బలమైన కండరాలు ఇంకా ఉన్నాయని ఆ క్షణంలో ఆయనకు అర్థమైంది. పనిచేసే కండర తంతువులను దారి మళ్లించి వేళ్లు చాపుకొనేలా చేసే శస్త్రచికిత్సలు ఆ తర్వాత వేలూరులో మొదలయ్యాయి. గాయాలకు ముఖ్య కారణం మాంసం కుళ్లడం కాదు, నొప్పి తెలియకపోవడమేనని ఆయన పని లోకానికి చూపించింది. ఆ రోజు డాక్టరు రోగికి ఏమీ ఇవ్వలేదు. రోగే డాక్టరుకు ఇచ్చాడు.

వెంటపడి తీసుకునేది కాదు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నయమాను బాగుపడి కానుక ఇవ్వబోతే ఎలీషా ముట్టలేదు. అతని సేవకుడు గేహజీ రథం వెంట పరుగెత్తి వెండి, బట్టలు తెచ్చుకున్నాడు, నయమాను కుష్ఠును కూడా తెచ్చుకున్నాడు. మెలితేలో పౌలు బృందానికి దొరికింది జీతం కాదు, వెంటపడి అడిగిందీ కాదు. ప్రేమతో వచ్చినదాన్ని వినయంతో తీసుకోవడం ఒకటి, చేసిన సేవకు ప్రతిఫలం రాబట్టుకోవడం మరొకటి. ఫొటో కోసం, పేరు కోసం, హాజరు పట్టీలో సంఖ్య కోసం రోగిని వాడుకోవడం కూడా గేహజీ పరుగే. ప్రభువు పదిమంది కుష్ఠురోగులను బాగుచేస్తే కృతజ్ఞతతో తిరిగి వచ్చింది ఒక్క సమరయుడే. మిగతా తొమ్మిదిమంది స్వస్థతను ఆయన వెనక్కి తీసుకోలేదు.

శిబిరానికి వెళ్లేవారికి

కాబట్టి శిబిరానికి వెళ్లేవారికి మూడు మాటలు చెప్పాలనుకుంటున్నాం.

మొదటిది, పుచ్చుకోవడం నేర్చుకోండి. ఎండలో పనిచేస్తున్న మీకు ఆ ఊరి అవ్వ గ్లాసుడు మజ్జిగ తెస్తే "వద్దమ్మా" అని పంపేయకండి. ఎప్పుడూ చేయి చాచే స్థితిలో ఉన్న మనిషికి, ఇచ్చే అవకాశం దొరకడమే ఒక గౌరవం. ఆమె మీకోసం ప్రార్థిస్తానంటే తల వంచండి.

రెండవది, వినండి. వంద టోకెన్లు పూర్తి చేయాలన్న తొందరలో రోగి చెప్పేది సగంలో ఆపేస్తాం. జబ్బు ఎక్కడ మొదలైందో, మందులు ఎందుకు మానేశారో ఆ మిగతా సగంలోనే ఉంటుంది.

మూడవది, మళ్లీ వెళ్లండి. బీపీ, షుగర్ పది రోజుల మాత్రలతో పోయేవి కావు. శిబిరం ముగిసేలోపు ఎవరికి ఏ మందు ఇచ్చారో చీటీ రాసి ఇవ్వండి. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, ఊరి ఆశా కార్యకర్తకు వాళ్లను అప్పగించండి. నెల తర్వాత వెళ్లి పలకరించండి. పౌలు బృందం మెలితేలో ఉన్నది ఒక్క పూట కాదు, మూడు నెలలు. ఒక్క పూట వచ్చి వెళ్లేవారిని జనం దాతలుగా చూస్తారు. తిరిగి వచ్చేవారిని తమవాళ్లుగా చూస్తారు. ఆ ప్రేమకు మించిన దీవెన ఏముంటుంది?

ఈసారి మందుల పెట్టెలు సర్దుకునేటప్పుడు, ఆ ఊరు మనకు ఇవ్వబోయేదానికి కూడా కాస్త చోటు ఉంచుకుందాం. మనం అడుగు పెట్టకముందే ప్రభువు అక్కడ ఉన్నాడు. మనకోసం ఎవరి ఇంట ఏ దీవెన దాచి ఉంచాడో వెళ్లి చూద్దాం.