నల్లగొర్రె పోతే నష్టం ఎవరికి?

తెలంగాణలో గొర్రెలు బాగా పెరిగాయని ప్రభుత్వ లెక్కలు చెబుతున్నాయి. 2012 పశుగణనలో 1 కోటి 28 లక్షలున్న గొర్రెలు 2019 నాటికి 1 కోటి 90 లక్షలు దాటాయి. దేశంలోనే మొదటి స్థానం. మంచిదే. కానీ ఈ లెక్కలో ఒక విషయం దాగి ఉంది. మెదక్, సిద్దిపేట, పాలమూరు పల్లెల్లో మేము తిరిగిన చోటల్లా మందల్లో తెల్లవీ, ఎర్రవీ ఎక్కువయ్యాయి. నల్లగొర్రె తగ్గిపోయింది. కొన్ని ఊళ్ళలో పది మందలు చూస్తే గాని ఒక్క అసలు నల్లమంద కనిపించలేదు.

నల్లగొర్రె అంటే దక్కని గొర్రె. ఒంటి నిండా ముతక ఉన్ని, వంగిన ముక్కు, గట్టి కాళ్ళు. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర మెట్టభూముల్లో తరతరాలుగా గొల్ల కురుమలు, ధనగర్లు పెంచుకొచ్చిన జాతి ఇది. కర్నాల్‌లోని జాతీయ సంస్థ నమోదు చేసిన దేశీయ జాతుల్లో ఇదీ ఒకటి. అయితే దీన్ని ఇన్నాళ్ళు కాపాడింది ఆ పుస్తకాలు కాదు, మంద వెంట నడిచిన కాపరి.

మంద వెంట ఒక దినం

గొర్లు కాయడం అంటే కర్ర పట్టుకుని చెట్టు కింద కూర్చోవడమే అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు ఒక్క దినం మంద వెంట నడిచి చూడాలి.

తెల్లవారకముందే కాపరి లేస్తాడు. ఏ గొర్రె మూలన నిలబడింది, ఏది నెమరు వేయడం లేదు, దేనికి పారుతోంది అని మందంతా చూస్తాడు. గంపల కింద, తడికెల వెనుక ఉన్న పిల్లలను విడిచి తల్లుల దగ్గర పాలు తాగిస్తాడు. తన పిల్లను దగ్గరికి రానివ్వని తల్లిని పట్టుకుని నిలబడాలి. తల్లి చచ్చిన పిల్లను ఇంకో గొర్రెకు అలవాటు చేయాలి. ఈ పనిలో ఇంటి ఆడవాళ్ళ చేయి లేకుంటే మంద లేదు. పెంట ఎత్తడం, పిల్లలకు ఆకు అలము వేయడం, జబ్బు గొర్రెను చూసుకోవడం వాళ్ళ మీదే పడుతుంది. లెక్కల్లో మాత్రం వాళ్ళ పేరు ఉండదు.

మంచు తడి ఆరినంకనే మందను తోలుతారు. తడి గడ్డి మేస్తే కడుపులో నట్టలు పడతాయని కాపర్లకు ఏ డాక్టరూ చెప్పనక్కర లేదు. కోసిన జొన్నచేలో మళ్ళీ మొలిచిన పిలకలు కనిపిస్తే గుండె దడదడలాడుతుంది. అవి మేస్తే నాము తగిలి నిలబడ్డ గొర్రె నిలబడ్డట్టే పడిపోతుంది. మిట్టమధ్యాహ్నం కుంటలో నీళ్ళు తాపి, చెట్టునీడన మంద వేస్తారు. కాపరి మూట విప్పి జొన్నరొట్టె, పచ్చికారం తింటాడు. పొద్దు గూకే యాళ్ళకు తిరిగి వస్తారు. నూటికి పైగా ఉన్న గొర్లను వేలు పెట్టి లెక్కించరు. ముఖాలు చూసి ఏది రాలేదో చెప్పేస్తారు. రాత్రి కుక్క, గొంగడి, చేతికర్ర. నక్కల భయం ఒకటైతే, బండి వేసుకొచ్చే దొంగల భయం ఇంకొకటి.

జబ్బులకు కొదవ లేదు. చిటుక రోగం, పారుడు రోగం, అమ్మతల్లి, గిట్టల పుండ్లు. వానలు ఎక్కువైన ఏడు చిన్న దోమల వంటి పురుగుల వల్ల నీలినాలుక వస్తుంది. టీకాలు ఉన్నాయి. సమయానికి అందితేనే వాటి ఫలం. చిటుక టీకా తొలకరికి ముందే పడాలి. వానలు కురిసి గొర్లు చచ్చినంక వచ్చే టీకా ఎవరికి పనికొస్తుంది?

ఉన్నికి ధర లేదు

మరి నల్లగొర్రె ఎందుకు తగ్గింది? కాపర్లు తెలివితక్కువ వాళ్ళా? కానే కాదు.

దక్కని గొర్రెకు ఏడాదిలో రెండుమార్లు ఉన్ని కత్తిరించాలి. ఒక్క గొర్రె నుంచి ఏడాదికి వచ్చేది అర కిలోకు అటూ ఇటూ. ఒకప్పుడు ఆ ఉన్నికి కురుమల ఇంట్లోనే పని ఉండేది. ఏకడం, వడకడం, చింతగింజల గంజి పెట్టడం, గుంట మగ్గం మీద నేయడం. ఒక గొంగడి తయారు కావాలంటే ఇంటిల్లిపాది చేతులు పడాలి. వానకు గొడుగు, చలికి దుప్పటి, పడుకుంటే చాప, పొలం నుంచి గింజలు తెచ్చుకుంటే మూట, అన్నీ ఆ గొంగడే. తర్వాత మిల్లు దుప్పట్లు, ప్లాస్టిక్ కవర్లు వచ్చాయి. గొంగడి కొనేవాళ్ళు తగ్గారు. ఇప్పుడు ఉన్ని అమ్మితే వచ్చేది కత్తిరించిన కూలికి కూడా సరిపోదు. అట్లాంటప్పుడు బొచ్చు లేని గొర్రె మేలనుకోవడంలో తప్పేముంది?

ఆ బొచ్చు లేని గొర్రె నెల్లూరుది. పొడుగ్గా, బరువుగా ఉంటుంది. కసాయి ధర ఎక్కువ పలుకుతుంది. మాంసం పెంచాలనే పేరుతో ప్రభుత్వమే దశాబ్దాల తరబడి ఆ పొట్టేళ్ళను పంచింది. నల్లగొర్రె మీద తెల్ల పొట్టేలు పడింది. రెండు మూడు ఈతల్లో ఉన్ని పోయింది. మేము నెల్లూరు గొర్రెకు శత్రువులం కాదు. దాని నేలలో అది మంచి జాతే. కానీ రాళ్ళగుట్టల్లో నడిచి, ఎండు మేతతో కడుపు నింపుకుని, చలివానలో బయటే తడిసి బతకడానికి తయారైంది నల్లగొర్రె. వలస పోయే మందకు కావలసింది ఆ గుణమే.

పథకం వచ్చింది

2017లో గొర్రెల పంపిణీ మొదలైంది. 20 ఆడగొర్రెలు, 1 పొట్టేలు కలిపి ఒక యూనిట్. ధర 1 లక్షా 25 వేలు. అందులో 75 శాతం సబ్సిడీ, మిగతాది సభ్యుడి వాటా. గొల్ల కురుమ కుటుంబాలకు నేరుగా ఇంత సొమ్ము పెట్టడం చిన్న సంగతి కాదు. ఒప్పుకుంటాం. కానీ కొనుగోలు ఎక్కడ? పక్క రాష్ట్రాల్లో. వచ్చినవి ఎక్కువగా ఏ జాతి? ఇక్కడి నేలకు అలవాటు లేనివి. లారీల్లో అంత దూరం వచ్చి, కొత్త నీళ్ళు, కొత్త మేత పడక చచ్చినవి చచ్చాయి. కాగితాల మీదనే తిరిగిన గొర్లు కొన్ని. ఈ పథకంలో అక్రమాల మీద 2024లో ఏసీబీ అధికారులనే అరెస్టు చేసింది. ఇంత ఖర్చులో ఊరి నల్లపొట్టేళ్ళను కొని ఊళ్ళోనే పంచాలని ఎవరికీ ఎందుకు తోచలేదు?

మేత ఎక్కడ?

గొర్రె ఏ రంగుదైనా మేత కావాలి. బంచరాయి భూములు పట్టాలయ్యాయి, ప్లాట్లయ్యాయి. 2015లో హరితహారం మొదలయ్యాక మొక్కలు నాటిన గుట్టల్లోకి మంద పోరాదన్నారు. పాలమూరు నుంచి నల్లమల దారి పట్టే మందలకు పులుల అడవి కట్టుబాట్లు. జొన్న, సజ్జ పండిన చేలల్లో పత్తి వచ్చింది. 2006లో వరంగల్ జిల్లాలో పత్తిచేలల్లో మేసిన గొర్లు చచ్చాయని కాపర్లు మొర పెట్టుకున్నారు. బీటీ పత్తి కారణం కాదని ప్రభుత్వ పక్షం కొట్టిపారేసింది. నష్టం మాత్రం కాపరికే మిగిలింది.

పొలంలో రాత్రి మంద పెడితే రైతు గింజలో, డబ్బులో ఇచ్చేవాడు. నేలకు పెంట, మూత్రం అందేవి. ఎరువుల బస్తా ధర చూసి ఇప్పుడు మళ్ళీ కొందరు రైతులు మందను పిలుస్తున్నారు. ఇది రైతూ కాపరీ ఇద్దరూ బాగుపడే దారి.

జీతగాడి మాట

ఇక మన సంగతి. మంద ఉన్నవాడే మంద వెంట నడవడు. సొంత గొర్లు లేనివాళ్ళు ఎంతమందో ఏడాది జీతానికో, పుట్టిన పిల్లల్లో పాలుకో ఇంకొకరి మంద కాస్తున్నారు. ఒక గొర్రె తప్పిపోతే జీతంలో కోత. పిడుగు పడినా, పాము కరిచినా అడిగే దిక్కు లేదు. 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే పశువుల పెంపకాన్ని వ్యవసాయ పనుల్లో చేర్చారు. అంటే గొర్లు కాసే జీతగాడు కూడా వ్యవసాయ కూలీయే. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో వేతనాల కోడ్ వచ్చింది. పేరు మారింది. జీతగాడి చేతిలో ఒప్పందం కాగితం మాత్రం ఇప్పటికీ లేదు. మన సంఘాలు నాట్ల కూలి, కోత కూలి మాట్లాడినట్టు కాపరి కూలి కూడా మాట్లాడాలి.

నిజాం కాలంలో దొర ఇంట్లో పెళ్ళయినా పండుగయినా గొల్ల కురుమలు ఉత్తపుణ్యానికి గొర్రెలు తోలాల్సి వచ్చేది. ఆ వెట్టి మీద తిరగబడ్డ పోరాటంలో 1946 జూలై 4న కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమరయ్య కురుమ ఇంటి బిడ్డే. ఆనాడు అడిగి సాధించుకున్నట్టే ఈనాడూ అడగాలి.

అడగాల్సినవి ఇవి. సబ్సిడీ గొర్లలో దక్కని జాతికి వాటా, ఊరి మందల నుంచే కొనుగోలు. అసలు నల్లపొట్టేలును నిలుపుకున్న కాపరికి ప్రోత్సాహం. ఉన్నికి కత్తిరింపు కూలి గిట్టే మద్దతు ధర, హాస్టళ్ళకూ ఆసుపత్రులకూ గొంగళ్ళ కొనుగోలు. ఊరికింత అని మేత భూమి, వలస దారిలో నీళ్ళు, వానలకు ముందే టీకా. జీతగాడికి కనీస కూలి, ప్రమాద బీమా.

గ్రామసభ జరిగినప్పుడు కాపర్లను వెంట తీసుకుపోండి. పొద్దున్నే పెడితే వాళ్ళు రాలేరు, మంద తోలాలి. పొద్దు గూకినంక పెట్టమని అడగండి.